ఇటలీ దేశపు మానవతా విద్యయు, మన పౌరధర్మమును



చరిత్ర పాఠమున ‘పునరుజ్జీవనము’ అను మాట వచ్చినప్పుడెల్ల మీరు చిత్రకారుల పేరులు కంఠస్థము చేయుదురు. వారు వ్రాసిన పటముల పేరులను పరీక్షాపత్రమున నింపుదురు. అంతటితో ఆ పాఠము ముగియును. కాని ఆ కాలమున ఇటలీ దేశమున ఆ చిత్రములతోపాటు బలపడిన భావ మొకటి కలదు. మనుష్యుడు దేనికై చదువవలెను? చదివినవాడు తన ఊరికి ఏమి ఋణపడియున్నాడు? పాలించువారు మనుష్యుని ఏమని ఎంచవలెను? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకిన ఆ భావమునకే మానవతావాదమని పేరు.

దీనిని గూర్చి వ్రాయుటకు మాకొక కారణము కలదు. ఒకనాటి సాయంకాలము, పటాన్‌చెరువు ప్రాంతమున కర్మాగారపు పని చేయు ఒక తండ్రి మాయొద్దకు వచ్చి, “సారూ, మా పిల్లగానికి లెక్కలు, సైన్సు గట్టిగ చెప్పుండ్రి. తెలుగు, చరిత్ర వానికి కంపెనీల ఏం పనికొస్తయి?” అని అడిగెను. ఆయన ప్రశ్న హేళన కాదు. పండ్రెండు గంటలు నిలువుకాళ్లపై పని చేసి వచ్చినవాని ప్రశ్న అది. నాడు మేము చెప్పిన సమాధానము ఆయనకు తృప్తి కలిగింపలేదు. మాకును తృప్తి కలుగలేదు. ఆ సమాధానమును సరిగా చెప్పుటకే ఈ వ్యాసము.

1. మాట పుట్టుక

ప్రాచీన రోమక వక్తయగు సిసెరో, మనుష్యుని మనుష్యునిగా తీర్చు విద్యను ‘హుమానితాస్’ అను మాటతో సూచించెను. పదునాలుగవ, పదునైదవ శతాబ్దములందు ఇటలీ పండితులు ఆ మాటను మరల పైకి దీసి, అయిదు విద్యలకు ‘మానవతా విద్యలు’ అని పేరిడిరి. అవి వ్యాకరణము, వక్తృత్వము, కవిత్వము, చరిత్ర, నీతిశాస్త్రము. వీనిని బోధించువానిని అక్కడి విద్యార్థులు ‘ఉమనిస్తా’ అని పిలిచిరి. కాబట్టి మానవతావాది అనగా మొదట ఉపాధ్యాయుడే అని గ్రహింపుడు.

ఈ మార్గమునకు ఆద్యుడుగా పేర్కొనదగినవాడు పెత్రార్కా అను కవి (1304–1374). ఆయన 1345వ సంవత్సరమున వెరోనా నగరమందలి గ్రంథాలయమున, అంతవరకు మరుగుపడియున్న సిసెరో లేఖలను కనుగొనెను. చదివి విస్మయము నొందెను. తాను గొప్ప తత్త్వవేత్త యని పూజించిన ఆ పురుషుడు, ఆ లేఖలలో రాజకీయములలో మునిగి తేలుచు, భయపడుచు, తప్పులు చేయుచు కనబడెను. పెత్రార్కాకు మొదట ఖేదము కలిగెను. ఆయన తరువాతివారికి మాత్రము వేరొక సంగతి స్ఫురించెను. చదువరి ఏకాంతమున కూర్చుండుటతో సరిపోదు. నలుగురిలోనికి వచ్చి ఊరి పని తన తలపై వేసికొనవలెను. ఇటలీ రాజకీయభావములందు మానవతావాదము ప్రవేశించిన ద్వార మిదియే.

2. లేఖినియే ఖడ్గము

ఆనాటి ఇటలీ ఒక దేశము కాదు. పెక్కు నగర రాజ్యముల సముదాయము. వానిలో ఫ్లారెన్సు రాజు లేని నగరము. దాని ఉత్తర ప్రత్యుత్తరములు నడపు అధికారికి ‘చాన్సలరు’ అని పేరు. కొలూచ్చో సలుతాతి అను పండితుడు 1375 మొదలు 1406లో మరణించువరకు ఆ పదవిలో నుండెను. మిలాను ప్రభువగు జాన్ గలియాజ్జో విస్కాంటి ఫ్లారెన్సును మ్రింగ జూచుచున్న దినములవి. సలుతాతి వ్రాసిన ఒక్క లేఖ వేయిమంది ఆశ్వికులకంటె తనకు ఎక్కువ హాని చేయునని ఆ ప్రభువు అనెనని ప్రతీతి. మాటల యర్థము తెలిసి, న్యాయమును స్పష్టముగా చెప్పగలవానికి ఎంత బలమో ఇందువలన తెలియుచున్నది.

ఆయన శిష్యుడు లియొనార్దో బ్రూని 1427 మొదలు 1444 వరకు అదే పదవి నిర్వహించెను. గ్రీకు భాష నేర్చి అరిస్టాటిలు ‘రాజనీతి’ని లాటినులోనికి మార్చెను. ఫ్లారెన్సు ప్రజల చరిత్రను పండ్రెండు సంపుటములలో వ్రాసెను. యుద్ధమున మరణించిన ఒక సేనానికై 1428లో ఆయన రచించిన సంస్మరణోపన్యాసమున ముఖ్యమైన భావ మొకటి కలదు. శ్రమయు, ప్రతిభయు కలవానికెల్ల పదవులను పొందు ఆశ తెరచియుండుటయే స్వాతంత్ర్యమనియు, ఆ ఆశ పౌరుల శక్తిని మేల్కొల్పుననియు, అది మూతపడిన నగరమున జనులు మందబుద్ధులగుదురనియు ఆయన తలంచెను. ఉపాధ్యాయులమగు మాకు ఇది నిత్యానుభవము. పైకి వచ్చు త్రోవ కలదని నమ్మిన పిల్లవాడు చదువును. లేదని నమ్మినవాడు కిటికీ వైపు చూచును.

ఇంకొక సంగతి. పాశ్చాత్య భూములపై ఏలుబడిని కాన్‌స్టంటైను చక్రవర్తి పోపునకు దానమిచ్చెనని చెప్పు దానపత్ర మొకటి అనేక శతాబ్దములు చెలామణిలో నుండెను. లొరెంజో వల్లా అను పండితుడు 1440లో ఆ పత్రమును వ్యాకరణ దృష్టితో పరిశీలించి, అందలి మాటలు కాన్‌స్టంటైను కాలమునాటివి కావనియు, పత్రము తరువాతి కాలమున పుట్టిన కృత్రిమ రచన యనియు నిరూపించెను. అప్పుడు వల్లా పోపుతో వైరము గల నేపుల్సు రాజు ఆశ్రయమున నుండెను. కావున ఆయన నిష్పక్షపాతి యని చెప్పజాలము. అయినను ఆయన చూపిన సత్యము నిలిచినది. తరువాత ఆయనకు పోపు కొలువుననే ఉద్యోగము లభించుటయు గమనింపదగినది. వ్యాకరణము ఎందులకని విసుగుకొను విద్యార్థులు ఈ కథను మరువరాదు.

3. మంటువా పాఠశాల

ఈ భావము పాఠశాలలో ఎట్లు రూపు దాల్చెనో చూతము. మంటువా ప్రభువు తన పిల్లలకు చదువు చెప్పుటకై 1423లో విత్తొరీనో ద ఫెల్త్రే అను గురువును పిలిపించెను. ఆయన నడపిన పాఠశాలకు ‘ఆనంద గృహము’ అని పేరు. అందు ప్రభువు పిల్లలతోపాటు బీదపిల్లలును ఉచితముగా చదివిరి. బాలికయగు చెచీలియా గొంజాగాయు అక్కడనే గ్రీకు నేర్చెను. పుస్తకములతోపాటు ఆటలును, శరీర వ్యాయామమును, దైవభక్తియు బోధింపబడెను.

క్వింటిలియను అను ప్రాచీన రోమక గురువు వ్రాసిన విద్యాగ్రంథపు సంపూర్ణ ప్రతిని పోజ్జో బ్రాచ్చోలీని అను పండితుడు 1416లో ఒక మఠమున కనుగొనియుండెను. పిల్లలను కొట్టి చదివించుట బానిసలకు తగిన పద్ధతియే గాని స్వతంత్రులకు తగదని ఆ గ్రంథము బోధించును. బెత్తమును నమ్ముకొన్న ఉపాధ్యాయులు (మాలోనే కొందరు) ఆరువందల యేండ్ల క్రిందట ఇటలీకి మరల చేరిన ఈ మాటను ఇప్పటికైనను వినవలెను.

4. వాకిటి వెలుపల నిలిచినవారు

ఇంతవరకు ఈ భావముయొక్క కాంతిని చూచితిమి. దాని నీడను చూడకున్న పాఠము అసత్యమగును.

ఫ్లారెన్సు ఐశ్వర్యము చాలవరకు ఉన్నిబట్టల పరిశ్రమపై ఆధారపడియుండెను. ఉన్నిని ఏకి, దువ్వి, కడిగి పని చేయు కూలివారిని ‘చోంపీలు’ అని పిలిచిరి. వారికి సొంత సంఘము పెట్టుకొను హక్కు లేదు. సంఘము లేనివానికి పదవి లేదు. 1378 జూలైలో వారు తిరుగబడి నగర భవనమును స్వాధీనము చేసికొనిరి. మికేలె ది లాందో అను ఉన్ని కార్మికుడు నగరపు అత్యున్నత పదవి నెక్కెను. కార్మికులకై మూడు నూతన సంఘములు ఏర్పడెను. కాని కొన్ని వారములకే చోంపీల సంఘము రద్దు చేయబడెను; 1382 నాటికి తక్కిన రెండును పోయెను. ఈ కల్లోలమంతయు జరుగుచున్నప్పుడు చాన్సలరు ఎవరనుకొంటిరి? మనము పైన ప్రశంసించిన సలుతాతియే. ఆయన పదవి చెక్కుచెదరలేదు.

కాబట్టి అర్ధశతాబ్దము తరువాత బ్రూని పలికిన సమానావకాశము నగరమున కొందరికే చెల్లెను. కూలివారికి లేదు, స్త్రీలకు లేదు. మానవతావాదమునకు మొదటినుండియు ఉన్న పరీక్ష ఇదియే. ‘మనుష్యుడు’ అను మాట పలుకునప్పుడు మనమెవరిని లెక్కించుచున్నాము? ఎవరిని వాకిటి వెలుపల నిలిపియున్నాము?

పీకో దెల్లా మిరాందొలా అను యువకుడు 1486లో, ఇరువది మూడేండ్ల ప్రాయమున, మనుష్యుని గౌరవమును గూర్చి ఒక ఉపన్యాసము వ్రాసెను. దేవుడు తక్కిన ప్రాణులకు ఒక్కొక్క స్వభావము నిర్ణయించి, మనుష్యునికి మాత్రము తన్ను తాను మలచుకొను స్వేచ్ఛ నిచ్చెననియు, మనుష్యుడు పశుస్థితికి దిగజాలును, దైవసన్నిధికి ఎక్కజాలును అనియు అందలి సారాంశము. ఇందు కులము, సంఘము, ధనము అను షరతు ఏదియు లేదు. పీకో భావమును ఉన్ని కార్మికునికి అన్వయించినచో, ఫ్లారెన్సు పౌరులు చేసినది దేవుని యెదుట అన్యాయమే యగును. ఆ అన్వయము చేయుటకు లోకమునకు ఇంకను చాలకాలము పట్టెను.

మాకియవెల్లి (1469–1527) పేరు వినగానే కుటిలనీతి స్ఫురించుట పరిపాటి. రాజు క్రూరుడు కావలసివచ్చినప్పుడు వెనుదీయరాదని ‘రాజు’ అను గ్రంథమున ఆయన వ్రాసిన మాట నిజమే. కాని రోము చరిత్రపై వ్రాసిన వ్యాఖ్యానమున అదే రచయిత, ధర్మశాసనములకు లోబడిన ప్రజలు రాజుకంటె స్థిరబుద్ధియు వివేకమును కలవారని వాదించెను. ఉద్యోగము పోయి, చెరసాలలో హింసింపబడి, పల్లెలో కాలము గడపుచున్నప్పుడు ఆయన 1513లో ఒక మిత్రునికి జాబు వ్రాసెను. పగలంతయు పొలముల వెంటను, సత్రములలోను తిరిగి, సాయంకాలమున మురికి బట్టలు విడిచి, ఆస్థాన వస్త్రములు ధరించి, ప్రాచీనుల గ్రంథములతో సంభాషింతునని అందు తెలిపెను. శ్రమించి ఇంటికి వచ్చినవానికి పుస్తకము ఎట్టి గౌరవమును తిరిగి ఇచ్చునో ఈ జాబు తెలుపును.

5. తెలుగునేలతో చుట్టరికము

ఇదంతయు సముద్రముల కావలి కథ యని తలపకుడు. వెనీసు వర్తకుడగు నికొలో కాంటి ఇంచుమించు 1420 ప్రాంతమున విజయనగరమును దర్శించెను. అనేక సంవత్సరముల దేశాటనము తరువాత ఇటలీకి మరలి, తాను చూచినదంతయు ఒక పండితునికి చెప్పగా, ఆయన దానిని లాటినులో వ్రాసి తన గ్రంథమున చేర్చెను. విజయనగరపు చుట్టుకొలత అరువది మైళ్లని అందు కలదు. ఆ వ్రాసినవాడు మరెవ్వరో కాడు. క్వింటిలియను గ్రంథమును కనుగొన్న పోజ్జోయే. ఆయన తరువాత 1453లో ఫ్లారెన్సు చాన్సలరాయెను.

అయితే చుట్టరికము ఇంతకంటె దగ్గరిది వేరొకటి కలదు. భాషాసాహిత్య చరిత్రల నాశ్రయించి పౌరజీవితమును మేల్కొల్పుటయే ఇటలీవారి మార్గమని చెప్పితిమి. హైదరాబాదు రాజ్యమున తెలుగువారు నడచిన మార్గమును అదియే. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. మొదట గ్రంథాలయము, పిమ్మట సభ, ఆ పిమ్మట హక్కు. ఇదే క్రమము.

1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార మహాసభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా సభికులు కొందరు గేలిచేసి మాటలాడనీయరైరి. ఆ అవమానమునుండి ఆంధ్రజన సంఘము పుట్టెను. మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు దానిని పెంచి, గ్రంథాలయములు స్థాపించుచు, వెట్టిచాకిరిని ఖండించుచు కృషి చేసిరి. సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించిరి. తెలంగాణమున కవులు లేరన్న ఆక్షేపమునకు సమాధానముగా 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువడెను. అందు 354 మంది కవులు చోటు గొనిరి.

ఆ సంఘమే పెరిగి నిజాము రాష్ట్రాంధ్ర మహాసభయై 1930లో మొట్టమొదటిసారి సమావేశమైన స్థల మేదో మీరెరుగుదురా? మన సంగారెడ్డి జిల్లాలోని జోగిపేటయే. ప్రతాపరెడ్డిగారే అధ్యక్షులు. దానితోపాటు స్త్రీల సభయు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన జరిగెను. మీలో పెక్కుమంది జోగిపేట మీదుగా బస్సులో పోవుచుందురు. ఇకమీదట ఆ ఊరు దాటునప్పుడు ఒక్క నిమిషము కిటికీనుండి చూడుడు.

ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడి, తెలుగున కేంద్ర సాహిత్య అకాడమీవారి మొదటి బహుమానమును 1955లో పొందెను. రాజుల యుద్ధములను ప్రక్కనుంచి, సామాన్యులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి అని అడిగిన గ్రంథమది. చరిత్రయందు మనుష్యునికి పీట వేయుట యనగా ఇదియే.

ఇచటను వాకిటి వెలుపల నిలిచినవారు ఉండిరి. వారి పక్షమున భాగ్యరెడ్డివర్మగారు (1888–1939) హైదరాబాదున 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, పిల్లలకు పాఠశాలలు తెరచిరి. 1917లో బెజవాడలో పంచమ మహాసభయని పిలువబడిన సభకు అధ్యక్షత వహించి, ‘పంచమ’ అను పేరును త్రోసి ‘ఆది ఆంధ్ర’ అను పేరును నిలిపిరి. ఎదుటివాడు పెట్టిన నీచనామమును కాదని తన పేరును తాను పెట్టుకొనుట తన్ను తాను మలచుకొనుటలో మొదటి మెట్టు. పీకో గ్రంథమును చదువకయే పీకో భావమును ఆచరించినవారున్నారని దీనివలన తెలియుచున్నది.

6. మాజినీ పంతులు

ఇటలీలో ఆ తలుపును తెరవ జూచినవారిలో ముఖ్యుడు జుసెప్పె మాజినీ (1805–1872). ముక్కలైయున్న ఇటలీని ఏకము చేయుటకై 1831లో ‘యువ ఇటలీ’ సంఘమును స్థాపించి, దేశభ్రష్టుడై చిరకాలము లండనులో జీవించెను. ఆ నగర వీధులలో వాద్యపు పెట్టెలు త్రిప్పుచు బిచ్చమెత్తు ఇటలీ బాలురుండిరి. వారిని పల్లెలనుండి తెచ్చిన యజమానులు వారి సంపాదన లాగికొని కొట్టుచుండిరి. మాజినీ 1841లో వారికై ఉచిత రాత్రిపాఠశాల తెరచెను. పరదేశమున, పేదరికమున నున్న విప్లవకారుడు చేసిన పని అది. దేశభక్తులలో పంతులు పని చేసినవారిని మేము ప్రత్యేకముగా గౌరవింతుము. ఈ పక్షపాతమును మీరు క్షమింపవలెను.

ఆయన ‘మనుష్యుని ధర్మములు’ అను గ్రంథము 1860లో వెలువడెను. అది ఇటలీ కార్మికులను సంబోధించి వ్రాసినది. హక్కులు అవసరమే గాని హక్కుల మాట ఒక్కటే స్వార్థమునకు త్రోవ దీయుననియు, దేవునికి, మానవజాతికి, దేశమునకు, కుటుంబమునకు, తనకు మనుష్యుడు ఋణపడియున్నాడనియు ఆయన బోధ. ఆయన వరుసలో దేశముకంటె మానవజాతి ముందు వచ్చును. పొరుగు జాతిని ద్వేషించువాడు దేశభక్తుడు కాజాలడు.

గాంధీమహాత్ముడు 1909లో వ్రాసిన ‘హింద్ స్వరాజ్’లో ఇటలీని గూర్చి ప్రత్యేకముగా ఒక ప్రకరణము కలదు. ఇటలీ ఏకమై సొంతరాజు వచ్చినను, మాజినీ కోరిన నిజమైన స్వాతంత్ర్యము అక్కడి రైతునకు, కూలికి రాలేదని మహాత్ముడు తలంచెను. పాలకుని రంగు మారుట వేరు; మనుష్యుని బ్రతుకు మారుట వేరు.

7. ఒక సందేహము

‘మనుష్యుని ఇంతగా పొగడిన దేవుని మరచినట్లు కాదా?’ అని మన తల్లిదండ్రులలో కొందరు శంకింపవచ్చును. దైవమును విడిచిన మానవతావాదమును కలదు. మన తెలుగునేలలోనే గోరా అని పేరొందిన గోపరాజు రామచంద్రరావుగారు 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించిరి. వారి సిద్ధాంతము మాది కాదు. కాని అంటరానితనమును నిర్మూలింప వారు పడిన పాటు నిజమైనది. తన కుమార్తెను అంటరానివారనబడు కులమునకు చెందిన యువకునికిచ్చి వివాహము జరిపిరి. గాంధీమహాత్ముని మరణానంతరము 1948లో సేవాగ్రామమున ఆ వివాహము నెరవేరెను. దేవుని నమ్ముచు పొరుగువానిని మరచిన భక్తుడు, దేవుని నమ్మకయు పొరుగువానిని ఆదుకొన్న నాస్తికుని యెదుట తల వంచవలసియుండును. గాయపడినవానిని చూచి ప్రక్కగా పోయినవారు యాజకుడును, లేవీయుడును అని మనము చిన్ననాటినుండియు వినుచున్నాము గదా.

మనుష్యుడు దేవుని స్వరూపమున సృజింపబడెనను విశ్వాసమే మా మానవతావాదమునకు పునాది. మెదకు మహాదేవాలయమును చూచినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. చార్లెసు వాకర్ పాస్నెట్ దొరగారు కరవు దినములలో ఆ నిర్మాణమునకు పూనుకొని, ఆకలిగొన్నవారికి భిక్షముగా గాక పనికి ప్రతిఫలముగా అన్నము పెట్టిరి. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడెను. చేయి చాచినవానిని పని చేసినవానిగా నిలుపుట చిన్న సంగతి కాదు.

8. ఫ్లారెన్సు మేయరు, కర్మాగారపు కూలివాడు

చోంపీల అణచివేతకు అయిదువందల డెబ్బది యేండ్ల పిమ్మట అదే ఫ్లారెన్సునందు జరిగిన సంగతి చెప్పి ఈ కథను ముగింతుము. జోర్జో లా పీరా (1904–1977) అను క్రైస్తవ భక్తుడు, న్యాయశాస్త్ర ఆచార్యుడు, 1951లో ఆ నగరమునకు మేయరాయెను. ఆయన ఇటలీ రాజ్యాంగ నిర్మాణసభలో సభ్యుడై యుండెను. 1948 జనవరి 1న అమలులోనికి వచ్చిన ఆ రాజ్యాంగము, గణతంత్రము శ్రమపై ఆధారపడినదని మొదటి అధికరణమున ప్రకటించి, మానవవ్యక్తి సంపూర్ణ వికాసమునకు అడ్డమగు ఆర్థిక, సాంఘిక ఆటంకములను తొలగించుట ప్రభుత్వధర్మమని మూడవ అధికరణమున నిర్ణయించెను.

1953లో ఫ్లారెన్సునందలి పిన్యోనె అను పెద్ద కర్మాగారము మూతవేయబడునని ప్రకటన వెలువడగా, వేయిమందికి పైగా కార్మికుల బ్రతుకులు వీధిపాలగు స్థితి కలిగెను. కార్మికులు కర్మాగారము విడిచి వెళ్లక అందే నిలిచిరి. మేయరు వారి పక్షము వహించెను. ఇది మేయరు పని కాదని పలువురు నిందించిరి. ఆయన వెనుదీయక రోమునకు జాబులు వ్రాసి, పెద్దలను కలిసి, చివరకు ప్రభుత్వ చమురు సంస్థ ఆ కర్మాగారమును 1954లో గైకొనునట్లు చేసెను. లా పీరా కార్యాలయము సలుతాతి పని చేసిన ఆ పురాతన నగర భవనముననే యుండెను. సలుతాతి లేఖిని నగరమును కాపాడెను గాని చోంపీలను కాపాడలేదు. లా పీరా లేఖిని కూలివారిని లోపలికి పిలిచెను.

9. మన పటాన్‌చెరువు

ఇప్పుడు మన ఊరికి వత్తము. గత అర్ధశతాబ్దమున పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారము ప్రాంతములు కర్మాగారములతో నిండెను. పెక్కు కుటుంబములు అన్నము తినుచున్నవి. మన పాఠశాల రుసుము సయితము ఆ శ్రమనుండియే వచ్చుచున్నది. ఆ మేలును మరువరాదు. కాని అదే కాలమున రసాయనపు మురికినీరు నక్కవాగులోనికి పారి, పొలములను, చెరువులను పాడుచేసెను. ఈ కష్టము 1990లో సుప్రీం న్యాయస్థానమువరకు వెళ్లెను. అది ఎట్లు వెళ్లెను? ఎవరో నీటి రంగు చూచిరి. ఎవరో దినము, స్థలము వ్రాసికొనిరి. ఎవరో అర్జీ వ్రాసిరి. ఎవరో దానిని శాసనభాషలో వాదించిరి. చూచుటకు సైన్సు కావలెను. చెప్పుటకు భాష కావలెను. ఊరి పాతస్థితిని రుజువు చేయుటకు చరిత్ర కావలెను.

2025 జూన్ 30న పాశమైలారమునందలి ఒక ఔషధ కర్మాగారమున ప్రేలుడు సంభవించి నలుబదిమందికి పైగా కార్మికులు మరణించిరి. వారిలో అనేకులు ఇతర రాష్ట్రములనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. వారి మాట మన మాట కాదు. 1921లో తెలుగు పలికినవానిని సభలో గేలిచేసిరని మనకు ఇప్పటికిని మనస్సు నొచ్చుచున్నది. నేడు మన వీధిలో ఒడియాయో, భోజపురియో పలుకు కూలివానిని గేలిచేయు హక్కు మనకెక్కడిది? అపాయమును హెచ్చరించు పలక అతనికి తెలిసిన భాషలో లేనిచో, అది అతనికి గోడతో సమానమే. చోంపీలు ఫ్లారెన్సులో మాత్రమే లేరు.

మన రాజ్యాంగమున 1976లో చేర్చబడిన పౌరుల ప్రాథమిక విధులలో, శాస్త్రీయ దృష్టితోపాటు మానవతావాదమును పెంపొందించుకొనుట ఒక విధిగా చెప్పబడెను. సైన్సు ప్రక్కనే మానవత. ఒకదానిని విడిచి మరియొకటి నిలువదు.

ఆ తండ్రికి నాడు మేము చెప్పవలసిన సమాధానము ఇది. ‘అయ్యా, లెక్కలును సైన్సును మీ కుమారునికి పని నిచ్చును, వానిని గట్టిగానే చెప్పుదుము. కాని పని చేయుచోట ఏది అన్యాయమో గుర్తించుటకు, దానిని భయము లేక, దుర్భాష లేక, నలుగురు నమ్మునట్లు వ్రాయుటకు, తన ప్రక్కన నిలిచిన పరదేశి కూలివానిని తనవానిగా ఎంచుటకు తెలుగును, చరిత్రయు, నీతియు కావలెను. మీ బిడ్డ యంత్రము నడపవలెను, యంత్రము కాకూడదు.’

అభ్యాసములు

1. ఫ్లారెన్సు నగరమున పౌరులుగా లెక్కింపబడనివారెవరు? మీ వీధిలో అట్టివారున్నారా?

2. జోగిపేట మహాసభను గూర్చి మీ ఇంటి పెద్దలను అడిగి, విన్నది ఒక పుటలో వ్రాయుడు.

3. మీ ఊరి చెరువు లేక వాగు యొక్క స్థితిని గూర్చి, కలెక్టరుగారికి పది పంక్తులకు మించని అర్జీ వ్రాయుడు. కన్నది మాత్రమే వ్రాయుడు. విన్నది వేరుగ సూచింపుడు.

4. తెలుగు రాని ఒక కార్మికుని, ఆతని భాషలో తన పేరు వ్రాసి చూపుమని వేడి, దానిని నేర్చికొని రండు.

ఈ నాలుగవ అభ్యాసమునకు మార్కులు లేవు. కాని వచ్చు సంవత్సరము తరగతి తెరచిన దినమున మేము మొదట అడుగునది దీనినే.